కొంగకాళ్ళ రోబో

లార్చ్ హార్బర్‌లో పనిముట్టును తిట్టే మనిషికి విలువ లేదు. పార విరిగితే పట్టుకోవడం రాలేదంటారు. వల చిరిగితే విసరడం రాలేదంటారు. ట్రక్కు మంచులో కూరుకుపోతే నడిపినవాడి ముఖం చూస్తారు గానీ ట్రక్కు వంక చూడరు. సుపీరియర్ సరస్సు ఒడ్డున, ఇనుప ఖనిజాన్ని ఓడలకెక్కించే ఊరు అది. తాతల నాటి నుంచీ అంతే. డార్లా స్కూబిక్ అక్కడే పుట్టి అక్కడే పెరిగింది. అందుకే తొంభై అయిదులో ఆ చలికాలమంతా తనకు తెలిసిన సంగతి కడుపులోనే పెట్టుకుంది.

ఊళ్ళో వెర్నా అనే ఆవిడ నడిపే బౌలింగ్ హాలు ఉంది. దాని వెనక గదిలో, చిరిగిన బూట్లూ బీటలిచ్చిన బంతులూ పడేసే చోట, ఒక కంప్యూటర్ ఉంది. దాని ముందు రెండు కుర్చీలు, ఒకే కీబోర్డ్. ఎడమ కుర్చీవాడు ఎడమపక్క మీటలతో, కుడి కుర్చీవాడు కుడిపక్క మీటలతో ఆడాలి. శనివారం మధ్యాహ్నం అయితే ఊళ్ళో కుర్రకారంతా ఆ గదిలోనే. ఆట పేరు స్లాగ్ పిట్. రోబోను నువ్వే తయారుచేసుకోవాలి. యంత్రం నడిపే రోబోలతో పోరాడి గెలిచిన కొద్దీ తుక్కు ఇనుము వస్తుంది. దాంతో చేతులు బలం చేసుకుంటావో, కాళ్ళు పొడుగు చేసుకుంటావో, ఒంటికి రేకు మందం పెంచుకుంటావో నీ ఇష్టం. రంగు నీది, పేరు నీది. అదంతా ఒక ఫ్లాపీలో ఉంటుంది. ఆ ఫ్లాపీ జేబులో ఉంటే నీ రోబో నీ జేబులో ఉన్నట్టే.

ఇద్దరు మనుషులు తలపడితే మాత్రం ఓడినవాడి ఫ్లాపీ గోడకెక్కుతుంది. మేకుకు తాడు కట్టి వేలాడదీస్తారు. రేవులో మంచు పగిలి తొలి ఓడ కదిలే శనివారం, అప్పటికి గెలిచి నిలిచినవాడు గోడ మీదవన్నీ దించి, ఒక్కొక్కటే కంప్యూటర్లో పెట్టి తుడిచేస్తాడు. దాన్ని కరిగించడం అంటారు. ఆ లోపల వాణ్ణి ఎవరైనా ఓడిస్తే గోడ వాళ్ళదవుతుంది. అలా ఓడించినవాళ్ళు కొన్నేళ్ళుగా లేరు. కర్ట్ నీమీ ఎడమ కుర్చీలో కూర్చుంటాడు, గెలుస్తాడు, కరిగిస్తాడు. అతని రోబో పేరు ఐస్‌బ్రేకర్.

డార్లా అన్న లెన్నీ ఖనిజం ఓడల మీద డెక్కు పని చేస్తాడు. ఓడలు మంచుకు ఆగిపోయే రెండు నెలలూ ఇంట్లో ఉంటాడు. కొన్ని చలికాలాలు కూర్చుని బుల్‌హెడ్ అని ఒక రోబోను చేశాడు. తుప్పు రంగు, నారింజ చారలు, పీపాల్లాంటి చేతులు. ఆ చేతులతో ఒక్క గుద్దు గుద్దితే యంత్రం రోబోల తలలు ఊడి పడేవి. జనవరిలో ఓడ దిగిన మొదటి శనివారమే లెన్నీ దాన్ని తీసుకెళ్ళి కర్ట్ పక్కన కూర్చున్నాడు.

ఆట మొదలైంది. బుల్‌హెడ్ నిలబడింది. అంతే, నిలబడిపోయింది. లెన్నీ వేలు కదులుతూనే ఉంది, రోబో గుద్దలేదు. ఐస్‌బ్రేకర్ దాన్ని తీరిగ్గా కొట్టి పడేసింది.

"చేతులు గడ్డకట్టాయేంట్రా లెన్నీ?" అన్నాడు కర్ట్. "చేపలా అయిపోయావు. ఇంటికెళ్ళి వేడినీళ్ళలో పెట్టుకో."

అందరూ నవ్వారు. లెన్నీ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి వంటగదిలో కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

వాళ్ళ నాన్న చేతులు ఓడ మీదే చెడిపోయాయి. చలికి నరాలు చచ్చి, మొదట వేళ్ళు ఆలస్యంగా కదిలేవి. తరవాత కప్పు జారేది. ఆఖరికి ఒకసారి తాడు వదలాల్సిన చోట వదలలేక రెండు వేళ్ళు పోగొట్టుకుని ఒడ్డు చేరాడు. ఇంట్లో అందరికీ తెలిసిన కథే అది.

"నాకూ మొదలైంది," అన్నాడు లెన్నీ. "గుద్దమని వేలికి చెప్పాను. అది వినలేదు."

"ఆటేగా," అంది డార్లా.

"ఆట కాబట్టి సరిపోయింది. రేపు డెక్కు మీద అయితే?"

ఆ తరవాత అతను బుల్‌హెడ్ ఊసెత్తలేదు. ఫిబ్రవరిలో ఓడ పనివాళ్ళను చూసుకునే మేట్ ఫోను చేసి ఈ ఏడు వస్తున్నావా అని అడిగితే చూస్తానన్నాడు. చూస్తాను అనే మాట అంతకుముందు అతని నోట డార్లా వినలేదు. నీళ్ళ మీద తప్ప ఊపిరాడని మనిషి అతను.

అసలు సంగతి బయటపెట్టింది పిల్లి.

వాళ్ళింట్లో కంప్యూటర్ ఉన్న గదికి వేడి సరిగ్గా అందదు. పికిల్ అనే ముసలి పిల్లికి కీబోర్డ్ ఎడమ కొస మీద పడుకోవడం అలవాటు. డార్లా దాన్ని లేపలేక కుడివైపు మీటలతోనే ఆడుకునేది. ఒక ఆదివారం అలా ఆడుతుంటే ఆమె రోబో గుద్దడం మానేసింది. తన్నమంటే తన్నింది. ఎగరమంటే ఎగిరింది. గుద్దమంటే మాత్రం ఉలకలేదు, పలకలేదు. పిల్లి ఒళ్ళు విరుచుకుని కాలు తీసింది. రోబో వెంటనే గుద్దింది.

డార్లా ఆట ఆపింది. పిల్లి కాలు పట్టుకుని మళ్ళీ అక్కడే పెట్టింది. గుద్దు పోయింది. తీసింది. గుద్దు వచ్చింది. పిల్లికి విసుగొచ్చి గీరి వెళ్ళిపోయింది. డార్లా తన వేళ్ళు పెట్టి చూసింది. అదే. ఆ కీబోర్డ్ ఒకేసారి అన్ని మీటలూ వినలేదు. ఎడమపక్క కొన్నిటిని కలిపి నొక్కి పట్టుకుంటే కుడిపక్క ఒకటి మూగబోతుంది.

అప్పుడామెకు కర్ట్ ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. ఆడినంతసేపూ అది మీటల మీద వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. పిల్లిలాగే.

లెన్నీని పిలిచి చూపించింది. అతను చూశాడు, వేళ్ళు పెట్టి తనూ నొక్కాడు. తల అడ్డంగా ఊపాడు.

"మన కీబోర్డ్ పాతది. వెర్నా దగ్గరున్నది వేరు."

"రెండూ ఒకే షాపులో కొన్నవి లెన్నీ!"

"నా వేలు నాకు తెలీదా? అది మొద్దుబారింది డార్లా. ఇంక ఈ మాట బయట ఎక్కడా అనకు. లెన్నీ స్కూబిక్ ఓడిపోయి కీబోర్డ్ మీద పడి ఏడ్చాడంటారు. ఓడిపోతే ఓడిపోయాననుకుంటాను. ఆ మాట మాత్రం పడను."

అతను చెప్పింది నిజమే. వెర్నా గదిలో లేచి కర్ట్ మీట నొక్కి పడుతున్నాడంటే ముందు నవ్వుతారు, తరవాత జాలి పడతారు. ఈ ఊళ్ళో జాలి ఇంకా చెడ్డది. కాబట్టి మాట్లాడకూడదు. ఆ గదిలోనే, ఆ కీబోర్డ్ మీదే, కర్ట్ చెయ్యి అక్కడ ఉండగానే గెలవాలి. అన్న కళ్ళతో చూడాలి.

గుద్దు రాదని తెలిసినప్పుడు చేతులెందుకు? ఆ రాత్రే ఆమె కొత్త రోబోను మొదలుపెట్టింది. సంపాదించిన తుక్కంతా కాళ్ళకే పోసింది. మిగిలింది ఒంటి బరువుకు. చేతులు మాత్రం ఆట మొదట్లో ఇచ్చినవి ఇచ్చినట్టే వదిలేసింది, చీపురుపుల్లల్లాగా. బూడిద రంగు వేసింది. పేరు హెరాన్. రేవు పక్క మడుగులో ఒంటికాలి మీద నిలబడే బూడిద కొంగ పేరు.

చేతుల్లేని రోబోతో యంత్రం మీద గెలవడం తేలిక కాదు. మొదట్లో ఓడిందే ఎక్కువ. బేకరీలో పని అయ్యాక చేతులకు పిండి వాసన ఉండగానే వచ్చి కూర్చునేది. ఎంత దూరం నుంచి తన్నితే తగులుతుందో, ఎంత ఎత్తు ఎగిరితే అవతలివాడి నెత్తిన దిగుతుందో కంటికి అలవాటయ్యేదాకా ఆడింది. లెన్నీ గుమ్మంలో ఆగి చూసేవాడు.

"ఇదేం రోబోనే? పెళ్ళికొచ్చి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీని బాబాయిలా ఉంది."

"నవ్వు. నవ్వడానికి డబ్బులేం తీసుకోను."

మార్చి ఆఖర్లో కోస్ట్ గార్డు పడవ వచ్చి రేవులో మంచు పగలగొట్టింది. ఆ శనివారం సాయంత్రం లెన్నీ ఓడ కదులుతుందని ఊరందరికీ తెలుసు. లెన్నీ సంచి సర్దలేదు. ఉదయం డార్లా అతని ముందు కాఫీ పెట్టింది.

"వెర్నా దగ్గరికి రా."

"బుల్‌హెడ్‌ను కరిగిస్తుంటే చూడ్డానికా?"

"నేను కర్ట్‌తో ఆడుతున్నాను. వచ్చి నా కుడిచెయ్యి చూడు. తెర చూడకు. నా చెయ్యి, వాడి చెయ్యి, అంతే చూడు."

అతను కాఫీ వంక చూశాడు. "వస్తాలే," అన్నాడు.

గది కిక్కిరిసి ఉంది. తడి బూట్ల వాసన, పొగబెట్టిన చేప వాసన. గోడ నిండా ఫ్లాపీలు తాళ్ళకు ఊగుతున్నాయి. వెర్నా తలుపు పక్క ఎత్తు స్టూలు మీద కూర్చుంది. ఆ గదిలో తగువు వస్తే ఆమె మాటే ఆఖరు. డార్లా ఫ్లాపీ పెట్టగానే తెర మీద హెరాన్ వచ్చి నిలబడింది. గది గొల్లున నవ్వింది.

"ఏంటిది, కొంగా?" అన్నాడు కర్ట్. "చేతులు ఇంట్లో మర్చిపోయి వచ్చిందా?"

"కప్పల్ని తినడానికి చేతులెందుకు?" అంది డార్లా.

ఓలీ అనే లావుపాటి కుర్రాడు వెనక నుంచి ఈలేశాడు. అతని ఫ్లాపీ కూడా గోడ మీదే ఉంది. "పిల్లకి నోరుందిరోయ్ కర్ట్!"

"నోటితో ఆడరుగా," అన్నాడు కర్ట్. ఎడమ కుర్చీలో సర్దుకుని, చెయ్యి మీటల మీద పరిచాడు.

మూడు రౌండ్లు. ఎవరు రెండు గెలిస్తే వాళ్ళది పోరు.

మొదటి రౌండులో డార్లా ఒక పని చేసింది. గుద్దు మీట నొక్కింది. హెరాన్ కదల్లేదు. మళ్ళీ నొక్కింది, గట్టిగా, లెన్నీకి కనబడేలా వేలు పైకెత్తి. కదల్లేదు. ఇంట్లో పిల్లి చెప్పింది ఇక్కడా నిజమే. అది తెలుసుకునేలోపు ఐస్‌బ్రేకర్ వచ్చి మీద పడింది. రౌండు పోయింది.

"వీళ్ళ వంశమే అంత," అన్నాడు కర్ట్. "అన్నకి గడ్డకట్టాయి, చెల్లికీ గడ్డకట్టాయి."

డార్లా వెనక్కి తిరిగి చూసింది. గోడకు ఆనుకుని లెన్నీ నిలబడి ఉన్నాడు. నవ్వడం లేదు. అతని చూపు కర్ట్ ఎడమ చేతి మీద ఉంది.

రెండో రౌండులో ఆమె గుద్దు మీట జోలికే పోలేదు. ఐస్‌బ్రేకర్ అలవాటు ప్రకారం నింపాదిగా నడిచి వచ్చింది. ఎదుటివాడు బొమ్మలా నిలబడతాడని దాని ధీమా. కొంగ కాలెత్తింది. ఆ కాలు తెర సగం దాకా సాగింది. ఐస్‌బ్రేకర్ వెల్లకిలా పడింది. లేచింది. మళ్ళీ పడింది. గదిలో నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి లేవబోతుంటే మోకాలి దగ్గర తన్ని రేకు ఊడగొట్టింది. మూడోసారి ఐస్‌బ్రేకర్ లేవలేదు.

"కొంగ తన్నిందిరోయ్!" అని అరిచాడు ఓలీ.

కర్ట్ టోపీ తీసి పక్కన పెట్టాడు.

మూడో రౌండు మొదలవగానే డార్లాకు పక్క నుంచి గలగల వినబడింది. కర్ట్ వేళ్ళు మీటల మీద వెతుకుతున్నాయి. ఒకచోట ఆగాయి. ఆమె తన్ను మీట నొక్కింది. కొంగ కాలెత్తలేదు. ఈసారి దాన్ని పట్టేశాడు. ఐస్‌బ్రేకర్ వచ్చి ఒక గుద్దు గుద్దింది, తరవాత ఇంకోటి. కొంగ పుల్ల చెయ్యి ఒకటి విరిగి పడింది. తెర పక్కన దాని ప్రాణం ఎంతుందో చూపించే గీత ఎర్రబడింది. ఇంకో దెబ్బ తగిలితే అయిపోయినట్టే. బుల్‌హెడ్ కరిగిపోతుంది. సాయంత్రం ఓడ లెన్నీ లేకుండా పోతుంది.

గుద్దు లేదు, తన్ను లేదు. ఎగరడం ఉందా? నొక్కింది.

కొంగ ఎగిరింది. కాళ్ళకు పోసిన ఇనుమంతా ఒక్కసారి విప్పుకున్నట్టు ఎగిరి తెర పైఅంచు దాటి మాయమైంది. అందరూ తలలెత్తారు, గది కప్పు మీద ఉంటుందన్నట్టు. ఒక ఊపిరి సేపు తెర మీద ఐస్‌బ్రేకర్ ఒక్కటే ఉంది. తరవాత కొంగ దిగింది. బరువంతా నెత్తి మీద దిగింది. ఐస్‌బ్రేకర్ తల భుజాల్లోకి పోయింది.

కర్ట్ ఇంకో వేలు నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. ఆ చెయ్యి చాలక బొటనవేలు కూడా వేశాడు. కొంగ మళ్ళీ ఎగిరింది. వాడు పక్కకి జరగాలి. జరగలేదు. అడ్డం పెట్టుకోవాలి. పెట్టుకోలేదు. అన్ని మీటలు ఒకేసారి పట్టుకునేసరికి వాడి మీటలే మూగబోయాయి. ఐస్‌బ్రేకర్ బొమ్మలా నిలబడింది. బుల్‌హెడ్ నిలబడినట్టే.

కొంగ దిగింది. ఐస్‌బ్రేకర్ ముక్కలై నాలుగు దిక్కులకూ పోయింది.

"ఈ కీబోర్డ్ చెడిపోయింది!" అని కర్ట్ లేచి అరిచాడు. "నొక్కితే పలకట్లేదు! ఇది లెక్కలోకి రాదు!"

హాల్లో ఎవరో విసిరిన బంతి పిన్నులకు తగిలిన శబ్దం గోడ దాటి వినబడింది. ఆ గదిలో అంతవరకూ ఎవరూ అనని మాట అది. ఓడిన ప్రతివాడి వేలి కిందా మీట చచ్చిపోయింది. ప్రతివాడూ తన వేలినే తిట్టుకుని ఇంటికి పోయాడు.

"ఏ మీట పలకలేదురా కర్ట్?" అంది వెర్నా.

"అడ్డం పెట్టుకునేది."

"అదొక్కటేగా? మరి మిగతా వేళ్ళన్నీ అక్కడెందుకున్నాయి?"

కర్ట్ కిందికి చూసుకున్నాడు. లేచి నిలబడ్డా ఎడమ చెయ్యి ఇంకా మీటల మీదే పరుచుకుని ఉంది. నిప్పు తగిలినట్టు తీశాడు.

"నాకూ అంతే అయింది," అన్నాడు ఓలీ నెమ్మదిగా. "పోయిన ఏడూ, ఈ ఏడూ. గుద్దు రాలేదు. నా చెయ్యే మంచిది కాదనుకున్నా."

"నాక్కూడా," అన్నారు వెనక ఎవరో. ఇంకో గొంతు, ఇంకో గొంతు. ఒక్కసారిగా గదంతా మాట్లాడింది. ఒకడు వచ్చి కీబోర్డ్ మీద వేళ్ళు పరిచి తెర చూసి బూతు తిట్టాడు. వెర్నా స్టూలు మీద అరచేత్తో చరిచింది.

"ఆపండి! పోరు అయిపోయింది. మీట పలకలేదని ఈ గదిలో ఎన్నడూ మళ్ళీ ఆడలేదు, ఇవాళ కూడా ఆడం. డార్లా గెలిచింది. గోడ డార్లాది."

అప్పుడు లేచింది అరుపు. ఓలీ డార్లాను కుర్చీతో సహా పైకెత్తాడు. ఆమె వాడి నెత్తి మీద కొట్టి దింపించుకుంది. గోడ దగ్గరికెళ్ళి తుప్పు రంగు చీటీ అంటించిన ఫ్లాపీ తాడు తెంపింది. లెన్నీ అక్కడే ఉన్నాడు. అతను ఫ్లాపీ అందుకోలేదు. కుడిచెయ్యి చాచి, వేళ్ళు ముడిచాడు, విప్పాడు, ముడిచాడు. గబగబా. ఒక్క వేలూ ఆలస్యం కాలేదు.

"బాగానే ఉన్నాయే," అన్నాడు.

"ఎప్పుడూ బాగానే ఉన్నాయి మొద్దూ."

"పిల్లి మాట నమ్మి ఉండాల్సింది."

"నా మాట నమ్మకపోయినా పిల్లిది నమ్మాల్సింది."

ముందు అతని భుజాలు కదిలాయి. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. జనవరి నుంచి ఆమె ఆ నవ్వు వినలేదు.

వెర్నా గోడ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "మిగతావాటి సంగతేంటమ్మాయ్? కరిగించే రోజు ఇది."

"ఇవాళ ఏదీ కరగదు," అంది డార్లా. "ఎవరిది వాళ్ళు తీసుకోండి."

వాళ్ళు గోడ మీద పడ్డారు. ఓలీ తన ఫ్లాపీని ముద్దు పెట్టుకుని అంగీకి తుడుచుకున్నాడు. మేకులన్నీ ఖాళీ అయ్యాయి. డార్లా ఐస్‌బ్రేకర్ ఫ్లాపీని కంప్యూటర్లోంచి తీసి ఒక మేకుకు కట్టింది. గోడ మొత్తానికి అదొక్కటే.

కర్ట్ తలుపు దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "దాన్నేం చేస్తావు?"

"ఉంచుతా. వచ్చే చలికాలం వచ్చి విడిపించుకో."

"నిజంగానా?"

"నిజంగానే. కాకపోతే నువ్వు కుడివైపు కూర్చుంటావు. నేను ఎడమవైపు, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటా. చూద్దాం నీ చేతులు గడ్డకడతాయో లేదో."

ఓలీ పగలబడి నవ్వాడు. కర్ట్ మూతి ఒక పక్కకి లాగాడు. అది నవ్వో కాదో తెలియలేదు గానీ తల ఊపి వెళ్ళాడు.

రేవు నుంచి ఓడ కూత వినబడింది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. లెన్నీ తల తిప్పాడు.

"సంచి సర్దలేదు," అన్నాడు.

"ట్రక్కులో ఉంది. పొద్దున్నే సర్దాను. ఉన్ని సాక్సులు అడుగున పెట్టా."

అతను ఆమె వంక చూశాడు. ఆమె టోపీని కళ్ళ మీదకి లాగేశాడు. ఫ్లాపీ చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు.

"ఓడలో కంప్యూటర్ లేదుగా. దాన్నెందుకు తీసుకెళ్తున్నావు?"

"జేబులో ఉండనీ."

"రేవులో ఇనుము ఎత్తే అయస్కాంతాల దగ్గరికి మాత్రం పోకు. బుల్‌హెడ్ చెరిగిపోతే జనవరిలో నిన్ను ఇంట్లోకి రానివ్వను."

"జనవరిలో నీ కొంగ సంగతి చూస్తా."

అతను పరుగెత్తాడు. బౌలింగ్ హాలు గుండా, బంతులు విసురుతున్నవాళ్ళ మధ్య నుంచి, మంచు కరిగి బురదైన వీధిలోకి. డార్లా తాళం చెవులు పట్టుకుని వెనకే పరుగెత్తింది. ట్రక్కు మొదటిసారికి కదల్లేదు. "పాడు ట్రక్కు!" అని ఆమె గట్టిగా తిట్టింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. లెన్నీ కూడా తల బయటపెట్టి తిట్టాడు. రెండోసారికి కదిలింది.